ఉదయం లేచేసరికి ఒక చెవి వినిపించడం లేదు: ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలా, సోమవారం దాకా ఆగవచ్చా?

తులసి_తణుకు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా వారికి 46 ఏళ్ళు. ఈ రోజు ఉదయం ఆరు గంటలకు రైస్ మిల్లు నుంచి ఫోను వస్తే ఎప్పటిలాగే ఎడమ చెవికి పెట్టుకున్నారు. అవతలి మాట వినిపించలేదు. ఫోను పాడైందనుకుని రెండుసార్లు కట్ చేసి మళ్ళీ కలిపారు. చివరికి కుడి చెవికి మార్చుకుంటే మాట శుభ్రంగా వినిపించింది. తేడా ఫోనులో లేదని అప్పుడు తెలిసింది.

రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్నారు. జలుబు లేదు, జ్వరం లేదు, చెవిపోటు లేదు. చెవిలో దూది కుక్కినట్టు దిబ్బడగా ఉందంటున్నారు. లోపల మర తిరుగుతున్నట్టు ఒకటే హోరు. మందుల షాపులో చెబితే గులిమి కరగడానికి చుక్కల మందు ఇచ్చారు. ఇప్పటికి మూడుసార్లు వేశాం, మార్పు లేదు. వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నూనె నాలుగు చుక్కలు వేస్తే సర్దుకుంటుందని మా అత్తగారు అంటున్నారు.

రేపు మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం. మేనమామ లేకుండా తాంబూలాలు ఎలా మార్చుకుంటారని, సోమవారం తాపీగా చూపించుకుందామని ఆయన పట్టుదల. నాలుగేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది, మాత్రలు వాడుతున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఇది ఆగదగినదేనా?

శ్రీను_నూజివీడు | 9:25

కంగారు పడకండి. నాకూ రెండేళ్ళ కిందట ఇలాగే జరిగింది. తలంటు పోసుకుని వచ్చేసరికి చెవి మూసుకుపోయింది. లోపల గట్టిపడి ఉన్న గులిమి నీటికి ఉబ్బిందట. డాక్టరు అయిదు నిమిషాల్లో తీసేశారు, వెంటనే వినికిడి వచ్చింది. పిన్నీసులు, అగ్గిపుల్లలు మాత్రం పెట్టనివ్వకండి. సోమవారం వెళ్ళినా ఫరవాలేదని నా ఉద్దేశం.

వినికిడి_విశాఖ | 9:41

తులసి గారూ, నేను ఆడియాలజిస్టును, అంటే వినికిడి పరీక్షలు చేసే పని నాది. వైద్యురాలిని కాను. ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పండి, మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం.

ఆయనకు కళ్ళు తిరుగుతున్నాయా? వాంతులు ఉన్నాయా? నడిస్తే ఒక పక్కకు ఒరుగుతున్నారా? మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యి కాలు బలహీనపడటం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటైనా ఉందా? ఉంటే నా జవాబు కోసం చూడకండి, 108కు ఫోను చేయండి. తలకు దెబ్బ తగిలినా, చెవి చుట్టూ నీటి పొక్కులు వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా ఈ రాత్రే వెళ్ళాలి.

ఇవేవీ లేకపోతే ఒక చిన్న పని చేయించండి. నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని సన్నగా కూనిరాగం తీయమనండి. ఆ శబ్దం ఏ చెవిలో గట్టిగా వినిపిస్తోందో అడగండి. ఎటు వినిపించాలో ముందే చెప్పకండి.

శ్రీను గారూ, మీకు జరిగింది నిజమే. గులిమి అడ్డుపడిన చెవులు మేము రోజూ చూస్తాం. కానీ గులిమి చెవి, నరం దెబ్బతిన్న చెవి బయటి నుంచి చూసేవారికి ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ దిబ్బడే, రెండింటిలోనూ హోరే. అందుకే ఎంతోమంది పది రోజులు చుక్కల మందుతో గడిపేసి మా దగ్గరకు వస్తారు.

తులసి_తణుకు | 9:58

మీరు చెప్పినవి ఒక్కొక్కటీ అడిగాను. ఏవీ లేవు. హాల్లో అటూ ఇటూ నడిపించి చూశాను, తిన్నగానే నడిచారు. కూనిరాగం మూడుసార్లు తీశారు. మూడుసార్లూ కుడి వైపే, అంటే బాగున్న చెవిలోనే గట్టిగా వినిపిస్తోందన్నారు. అది మంచిదే కదా?

వినికిడి_విశాఖ | 10:10

కాదమ్మా. మంచి చెవిలో వినిపించడమే ఇక్కడ ఆలోచించవలసిన సంగతి.

రెండు వేళ్ళతో ఒక చెవి మూసుకుని కూనిరాగం తీసి చూడండి. మూసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. గులిమి గానీ నీరు గానీ అడ్డుపడితే జరిగేదీ అదే. మన గొంతులోని శబ్దం ఎముక గుండా లోపలి చెవికి చేరుతుంది, బయటి గోల లోపలికి రాదు కాబట్టి అడ్డు ఉన్న వైపే అది ఎక్కువగా తెలుస్తుంది. లోపలి చెవిలోని రోమకణాలో వినికిడి నరమో దెబ్బతింటే ఎముక గుండా వచ్చిన శబ్దాన్నీ ఆ చెవి పట్టుకోలేదు. అప్పుడు రాగం బాగున్న వైపుకు పోతుంది. వైద్యులు నుదుటి మీద శృతిదండం (తట్టితే మోగే ట్యూనింగ్ ఫోర్క్) పెట్టి చూసేది దీన్నే. ఆయన ఎడమ చెవిలో చుక్కల మందు నిలిచి ఉండి కూడా రాగం కుడి వైపుకు వెళ్ళిందంటే నా అనుమానం ఇంకా బలపడుతోంది.

ఇది ఇంట్లో చేసిన పరీక్ష, దీన్ని బట్టి రోగం ఇదేనని తేల్చలేం. ఒకవేళ రాగం ఎడమ వైపే వినిపించి ఉన్నా చూపించుకోవాలనే చెప్పేదాన్ని. కానీ సోమవారం దాకా ఆగవద్దు. మూడు రోజుల లోపు, పరీక్షలో వరుసగా ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో (శబ్దపు సన్నదనం, బొంగురుతనం తెలిపే మెట్లు) 30 డెసిబెల్స్ గానీ అంతకు మించి గానీ నరాల వినికిడి పడిపోతే దాన్ని ఆకస్మిక చెవుడు అంటారు. చాలామందికి నిద్ర లేచేసరికే బయటపడుతుంది. దాదాపు పదింట తొమ్మిది కేసుల్లో కారణం ఇదీ అని తేలదు. స్టెరాయిడ్ చికిత్స మొదలుపెడితే రెండు వారాల లోపే మొదలుపెట్టాలి, అందులోనూ తొలి రోజులు మరీ విలువైనవి.

నూనె వద్దు. కర్ణభేరి ఎలా ఉందో మనకు తెలియదు. పైగా రేపు వైద్యులు చెవిలోకి చూడాలంటే నూనె అడ్డం.

ఓరుగల్లు_మాస్టారు | 10:34

నా అనుభవం రాయకుండా ఉండలేకపోతున్నాను. 2016లో నా కుడి చెవి ఇలాగే ఆగిపోయింది. అప్పుడు పదో తరగతి పరీక్షల కాలం, మూల్యాంకనం డ్యూటీ. దగ్గరలోని ఒక వైద్యుడు జలుబు చెవికి ఎక్కిందని మాత్రలు ఇచ్చారు. నొప్పి లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. నలభై రోజుల తర్వాత వేరే ఊరిలో వినికిడి పరీక్ష చేయించుకున్నాను. చీటీ మీద గీత కిందికి జారిపోయి ఉంది. "మొదటి వారంలో వచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్ళం" అన్నారు ఆ వైద్యులు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది.

రెండో చెవి ఉంది కదా అని అందరూ అంటారు. ఒక చెవి లేకపోతే మొదట పోయేది దిక్కు. వెనక నుంచి బస్సు హారను వినిపిస్తుంది, ఏ పక్క నుంచో తెలియదు. తరగతిలో పిల్లవాడు "సార్" అని పిలిస్తే గదంతా వెతుక్కోవాలి. పెళ్ళి భోజనాల బంతిలో కుడి పక్కన కూర్చున్న మనిషి నా దృష్టిలో లేనట్టే. ఆయన్ని రేపు తీసుకెళ్ళండి తల్లీ. తాంబూలాలు రెండు గంటలు ఆలస్యమైనా నిశ్చితార్థం జరుగుతుంది.

కృష్ణాతీరం | 10:47

అందరూ భయపెడుతున్నట్టున్నారు. ఇలాంటి చెవుడు చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుందని చదివాను. స్టెరాయిడ్లకు గట్టి ఆధారం లేదని కూడా అంటారు. చక్కెర ఉన్న మనిషికి ఆదరాబాదరాగా అవి ఇప్పించడం అవసరమా?

మాంచెస్టర్_డాక్టర్ | 11:20

కృష్ణాతీరం గారు అడిగినది అడగవలసిన ప్రశ్నే. మందు వాడకుండానే 32 నుంచి 65 శాతం మందికి ఎంతో కొంత తిరిగి వచ్చిందని వైద్య గ్రంథాల్లో ఉంది. స్టెరాయిడ్లు అందరికీ పని చేస్తాయన్న హామీ లేదు. అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాల్లోనూ వీటిని తప్పనిసరి అనలేదు, రెండు వారాల లోపు ఇవ్వదగిన చికిత్స అని మాత్రమే చెప్పారు.

అయినా తొందరపడమనే నేనూ అంటాను. ఏ రోగికి దానంతట అదే తగ్గుతుందో మొదటి రోజున ఎవరూ చెప్పలేరు. తగ్గుతుందేమోనని ఆగితే, తగ్గకపోయిన నాటికి చికిత్సకు పనికివచ్చే రోజులు అయిపోతాయి. వెళ్ళి చూపించుకుంటే పోయేది ఒక పూట. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు రాసే నైస్ అనే సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మూడు రోజుల లోపు వినికిడి పడిపోయి, అది జరిగి నెల దాటకుండా ఉండి, బయటి చెవిలో గానీ మధ్య చెవిలో గానీ కారణం కనిపించకపోతే రోగిని 24 గంటల్లో నిపుణులు చూసేలా పంపాలి. నెల దాటి వస్తే రెండు వారాల గడువు. నెల లోపు వచ్చిన మనిషికీ నెల దాటి వచ్చిన మనిషికీ అంత తేడా ఎందుకు పెట్టారో ఆలోచించండి.

ఇందూరు_కవిత | 11:52

విశాఖ మేడమ్ మొదట అడిగిన ప్రశ్నలను ఎవరూ తేలికగా తీసుకోవద్దని నా మనవి. మా అమ్మకు 63 ఏళ్ళప్పుడు ఒక చెవి ఉన్నట్టుండి వినిపించలేదు. గంటలోపే కళ్ళు తిరగడం, వాంతులు. గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయింది. మొదట చూపించిన చోట పైత్యమనీ, మెడ నరమనీ చెప్పి సెలైన్ ఎక్కించి పంపేశారు. మర్నాడు మాట తడబడింది. ఎం.ఆర్.ఐ. తీస్తే చిన్న మెదడు దగ్గర పక్షవాతం. లోపలి చెవికి రక్తం అందించే సన్నని నాళం మెదడు వెనక భాగానికి వెళ్ళే రక్తనాళం నుంచే చీలుతుందని అప్పుడు తెలిసింది. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలే సమయం. మాకు ఆ సమయం సెలైన్ కింద గడిచిపోయింది. అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది.

చెవి పోయి, దానితోపాటు నిలబడలేనంతగా తల తిరుగుతుంటే, చెవి డాక్టరు క్లినిక్కు ఎప్పుడు తెరుస్తారని చూడకండి. స్కానింగు ఉన్న పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి.

తులసి_తణుకు | శనివారం అర్ధరాత్రి దాటాక 12:15

మాస్టారు గారు రాసినది ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే మా ఆడపడుచుకు ఫోను చేసి, ఉదయం వైద్యుడి దగ్గరకు వెళ్ళి మధ్యాహ్నానికి వస్తానని చెప్పారు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, "ముందు చెవి చూపించుకో అన్నయ్యా" అంది. ఆమె ఏమనుకుంటుందోనని ఇంతసేపూ అనవసరంగా మేమే భయపడ్డాం.

ఆదివారం చెవి డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? ఇక్కడ ఇద్దరికి ఫోను చేశాం, ఎవరూ ఎత్తలేదు. చక్కెర సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

గోదావరి_గట్టు | 12:31

తణుకు నుంచి రాజమహేంద్రవరం జాతీయ రహదారి మీద గంట ప్రయాణం. అక్కడి పెద్ద ఆసుపత్రుల్లో ఆదివారం కూడా డ్యూటీలో ఈఎన్‌టీ వైద్యులు ఉంటారు. బయలుదేరే ముందు ఫోను చేసి, "రాత్రికి రాత్రే ఒక చెవి వినికిడి పోయింది, నొప్పి లేదు" అని చెప్పండి. చెవి మూసుకుపోయిందని మాత్రం అనకండి, అలా అంటే సోమవారం రమ్మంటారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది, క్యాజువాలిటీ రాత్రింబవళ్ళు పని చేస్తుంది. హైదరాబాదు వైపు వారికి కోఠిలో, విశాఖ వారికి పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులే ఉన్నాయి.

చక్కెరతో_సావాసం | 12:50

నాకు చక్కెర వ్యాధి, నిరుడు ఇదే చెవి జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు వాడాను. మూడో రోజుకు మధ్యాహ్నం చక్కెర 360 దాటింది. కొన్నాళ్ళు ఇన్సులిన్ పెట్టి అదుపు చేశారు, మాత్రలు ఆపాక మళ్ళీ పాత స్థితికి వచ్చింది. కాబట్టి వాడే మాత్రల చీటీ, ఈ మధ్యే చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటు) రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. చక్కెర ఎక్కువగా ఉన్నవారికి కర్ణభేరి గుండా మందును నేరుగా మధ్య చెవిలోకి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. అలా ఇస్తే ఒంట్లోకి వెళ్ళేది తక్కువ. ఆయనకు ఏది సరిపోతుందో చూసినవారు నిర్ణయిస్తారు. ఇంట్లో పాత స్టెరాయిడ్ మాత్రలు ఉంటే వాటిని సొంతంగా వేసుకోవద్దు.

తులసి_తణుకు | ఆదివారం మధ్యాహ్నం 1:40

రాజమహేంద్రవరం నుంచి తిరిగి వస్తూ కారులో రాస్తున్నాను. డాక్టరు గారు చెవిలోకి చూసి గులిమి లేదన్నారు, కర్ణభేరి బాగుంది. శృతిదండం నుదుటి మీద పెడితే కుడి వైపే వినిపించింది. ఆదివారం వినికిడి పరీక్ష చేసేవారు లేరట. అయినా చికిత్స ఆపవలసిన పని లేదని మాత్రలు ఈ రోజే మొదలుపెట్టారు. రేపు ఉదయమే పరీక్ష. చక్కెర రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి. ఆయన మందులు చూసే వైద్యుడితో డాక్టరు గారే ఫోనులో మాట్లాడారు. కడుపు మంటకు వేరే మాత్ర రాశారు. తర్వాత ఒక ఎం.ఆర్.ఐ. తీయించాలన్నారు, వినికిడి నరం మీద గడ్డ ఏదైనా ఉందేమో చూడటానికి. కొద్దిమందిలో అలా ఉంటుందట.

తాంబూలాలు మూడు గంటలకు పెట్టుకున్నారు. అందుకుంటాం.

తులసి_తణుకు | సోమవారం రాత్రి 8:05

ఉదయం పరీక్ష జరిగింది. ఎడమ చెవి సగటు 65 డెసిబెల్స్, కుడి చెవి 15. ఈ అంకె ఎంత తక్కువైతే వినికిడి అంత బాగున్నట్టట. ఇంకో సందేహం. మా బంధువులు వేరే చోట విచారించారట. అక్కడ ఆసుపత్రిలో చేర్చుకుని, మాత్రలకు బదులు ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే త్వరగా వస్తుందన్నారట. దాంతోపాటు రక్తనాళాలు వెడల్పు చేసే మందులు కూడా. ఖర్చు ఎక్కువే. మారమంటారా?

మాంచెస్టర్_డాక్టర్ | 9:30

మీ డాక్టరు గారిని అడగకుండా మార్చకండి. జర్మనీలో ఈ ప్రశ్న మీదే మూడు వందల మందికి పైగా రోగులతో పరీక్ష జరిగింది. కొందరికి ఐదు రోజుల పాటు రోజుకు 250 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ ఇంజెక్షను, మరికొందరికి మామూలుగా వాడే 60 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చారు. ఎక్కువ మోతాదు వల్ల వినికిడిలో అదనపు లాభం కనిపించలేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. చక్కెర ఉన్న మనిషికి ఇది ఇంకా ముఖ్యం. రక్తనాళాలు వెడల్పు చేసే మందులనూ, వైరస్ మందులనూ ఈ జబ్బుకు అలవాటుగా రాయవద్దని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. తలకు సీటీ స్కాన్ కూడా మామూలుగా అవసరం లేదు.

శ్రీను_నూజివీడు | 10:02

సోమవారం దాకా ఆగవచ్చని శనివారం నేను రాశాను. నా చెవికి జరిగినదే అందరికీ జరుగుతుందనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకు త్వరగా నయం కావాలి.

తులసి_తణుకు | పదిహేనో రోజు

65 నుంచి 45కు వచ్చింది. పూర్తిగా రాలేదు కాబట్టి చెవిలోకి ఇంజెక్షను మొదలుపెట్టారు, వారానికి ఒకటి చొప్పున మూడు. మొదటిది ఇవాళ అయింది. మత్తు చుక్కలు వేసి చాలా సన్నని సూదితో ఇచ్చారు, తర్వాత అరగంట పక్కకు తిరిగి పడుకోబెట్టారు. కాసేపు కళ్ళు తిరిగాయట, అంతే. చక్కెర ఒకరోజు 310కి వెళ్ళింది, మందు మార్చాక 180 దగ్గర ఉంది. రాత్రుళ్ళు నిద్ర పట్టక, చిన్న మాటకే విసుక్కుంటున్నారు. మాత్రల వల్లేనని ముందే చెప్పారు కాబట్టి ఇంట్లో అందరం ఓర్చుకున్నాం.

వినికిడి_విశాఖ | అదే రోజు

రెండు వారాల్లో 20 డెసిబెల్స్ రావడం మంచి కదలిక. మిగిలిన పరీక్షలు వదలకండి. చికిత్స పూర్తవగానే ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలల లోపు ఇంకోసారి తప్పకుండా చేయించండి. టపాసులు, మిల్లు మోత, చెవిలో ఇయర్‌ఫోన్లు కొన్నాళ్ళు దూరం పెట్టమనండి. కుడి చెవిని కూడా కాపాడుకోవాలి.

తులసి_తణుకు | రెండు నెలల తర్వాత

ఎం.ఆర్.ఐ.లో ఏమీ లేదు. సగటు 30 డెసిబెల్స్ దగ్గర ఆగింది. మాటలు అర్థమవుతున్నాయి. సన్నని శబ్దాలు మాత్రం ఆ చెవికి అందడం లేదు. కుక్కరు విజిల్ ఎడమ వైపు నుంచి వస్తే ఆయనకు తెలియదు. హోరు పోలేదు గానీ తగ్గింది. పడుకునేటప్పుడు ఫ్యాను చప్పుడులో కలిసిపోతోందట. నిన్న సాయంత్రం మిల్లు నుంచి ఫోను వస్తే ఎడమ చెవికి పెట్టుకుని మాట్లాడారు. పాత రేడియోలో విన్నట్టుంది, కానీ ప్రతి మాటా తెలిసింది అన్నారు. మాస్టారు గారూ, ఆ రాత్రి మీరు రాసి ఉండకపోతే ఆయన కదిలేవారు కాదు. మీకు మా ఇద్దరి నమస్కారాలు.

ఓరుగల్లు_మాస్టారు | మర్నాడు

ఎంతో సంతోషం తల్లీ. నేను కూడా గత నెల వినికిడి పరికరం అమర్చుకున్నాను. చెవిటి వైపు ఒక చిన్న మైకు ఉంటుంది, అటు వచ్చిన శబ్దాన్ని బాగున్న చెవికి అందిస్తుంది. దిక్కు ఇప్పటికీ తెలియదు, కానీ కుడి పక్క కూర్చున్న మనిషి మళ్ళీ మాట్లాడుతున్నాడు.

కర్నూలు_రాజు | నాలుగు నెలల తర్వాత, రాత్రి 7:48

వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది. మా చెల్లెలికి 29 ఏళ్ళు. మొన్నటి నుంచి కుడి చెవి వినిపించడం లేదు. కూనిరాగం ఎడమ వైపు వినిపిస్తోంది. ఇందాకటి నుంచి తల కొద్దిగా తిరుగుతోంది అంటోంది. ఏం చేయమంటారు?

తులసి_తణుకు | 7:53

బాబూ, తల తిరుగుతోంది అన్నారు కాబట్టి రేపటి దాకా ఆగవద్దు. మీ ఊళ్ళో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, క్యాజువాలిటీకి ఇప్పుడే తీసుకెళ్ళండి. నడవలేకపోయినా, మాట తేడాగా ఉన్నా 108కు ఫోను చేయండి. చెవి ఏ రోజు, ఏ వేళకు పోయిందో, తల తిరగడం ఎన్ని గంటలకు మొదలైందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. లోపలికి వెళ్ళగానే అడిగేది అదే. చూపించాక ఇక్కడ రాయండి, నేను మేలుకునే ఉంటాను.